ఇంగ్లీషు మీదుగా ఫ్రెంచి: వ్యాకరణంలో కాలు జారే చోట్లు

అందరికీ నమస్కారం.

ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఫ్రెంచి మొదలుపెడితే, వాళ్లది లండన్ అయినా టొరంటో అయినా, కొన్ని నెలలు తిరిగేసరికి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. బల్ల ఆడది ఎలా అయింది? కాఫీ ముందు ఒకసారి 'ల', ఒకసారి 'ద్యు', ఒకసారి 'ద' ఎందుకు? భూతకాలాలు రెండెందుకు? మనలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చేతిలో ఉన్న ఫ్రెంచి పుస్తకం ఇంగ్లీషులో రాసినదే. దాంతో ఇంగ్లీషువాళ్ల చిక్కులన్నీ మనవీ అయిపోతాయి. అందులో కొన్ని అసలు మనకు రావలసినవే కావు, తెలుగులో ఆలోచిస్తే అక్కడికక్కడే విడిపోతాయి. కొన్ని చోట్ల మాత్రం తెలుగూ సాయం చేయదు. ఎక్కడ ఏది పనికొస్తుందో చూద్దాం.

ముందు ఒక చిన్న ఏర్పాటు. ఫ్రెంచి మాటలన్నీ బోర్డు మీద తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ముక్కుతో పలికే అచ్చుకు అరసున్న పెడతాను. 'బోఁ' అంటే చివర న గానీ మ గానీ వినపడకూడదు, గాలి కొంత ముక్కులోంచి పోవాలి, అంతే. పెదాలు 'ఊ'కి చుట్టి నాలుకతో 'ఈ' అనాల్సిన చోట 'త్యు', 'ద్యు' అని రాస్తాను. త, ద మాత్రం అచ్చంగా మన త, ద లే. ఇంగ్లీషువాళ్లు వాటిని ట, డ ల వైపు లాగుతారు. ఈ ఒక్క విషయంలో మనకు అప్పనంగా వచ్చిన లాభం ఉంది, ఇంగ్లీషు యాసతో దాన్ని పోగొట్టుకోకండి.

బల్ల సంగతి. బల్ల ఆడది కాదు, 'తాబ్ల్' అనే మాట స్త్రీలింగం. లింగం వస్తువుది కాదు, మాటది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ లింగం అర్థాన్ని బట్టి వస్తుంది. మహత్తు, అమహత్తు అని మన వ్యాకరణం విడదీసేది అలాగే. ఫ్రెంచిలో 'విక్తీమ్' అంటే బాధితుడు లేదా బాధితురాలు. ఆ మనిషి మీసాలున్న మగవాడైనా మాట స్త్రీలింగమే, దాని విశేషణమూ స్త్రీలింగంలోనే ఉంటుంది. బడిలో హిందీ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. కుర్సీ, మేజ్ రెండూ స్త్రీలింగాలు ఎందుకయ్యాయని అప్పుడు ఎవరూ అడగలేదు, అలాగే నేర్చుకున్నాం.

అయితే పూర్తిగా గుడ్డిగా బట్టీ పట్టాల్సిన పని లేదు. మాట చివరి భాగం చాలా వరకు చెబుతుంది. 'స్యోఁ' అని ముగిస్తే దాదాపు ఎప్పుడూ స్త్రీలింగం. 'తే' అని ముగిసే భావవాచకాలు, అంటే 'లిబెర్తే', 'బోతే' లాంటివి, స్త్రీలింగాలు. 'మాఁ' అని ముగిసే 'అపార్తమాఁ', 'గువెర్నమాఁ' పుంలింగాలు. 'ఆజ్' అని ముగిసేవి కూడా పుంలింగాలే: 'ఫ్రొమాజ్', 'వ్వాయాజ్'. ఇక్కడ తప్పించుకునేవి కొన్ని పొట్టి మాటలు: 'ప్లాజ్', 'పాజ్', 'కాజ్', 'ఇమాజ్' స్త్రీలింగాలు. 'బ్యురో', 'గాతో' పుంలింగాలు కానీ, అదే స్పెల్లింగుతో ముగిసే 'ఓ' అంటే నీళ్లు, 'పో' అంటే చర్మం, రెండూ స్త్రీలింగాలు.

మాట రాసుకునేటప్పుడు 'ల', 'లా' (ఇంగ్లీషు 'the'కి పుం, స్త్రీ రూపాలు) లతో కాకుండా 'అఁ', 'యున్' ('ఒక'కి పుం, స్త్రీ రూపాలు) లతో రాసుకోండి. కారణం ఉంది. అచ్చుతో మొదలయ్యే మాట ముందు 'ల', 'లా' రెండూ కుదించుకుపోయి ఒకేలా తయారవుతాయి. 'లార్బ్ర్' చెట్టు, 'లెకోల్' బడి. వీటిలో ఏది ఏ లింగమో చూసి చెప్పలేం. 'అఁ నార్బ్ర్', 'యునెకోల్' అన్నప్పుడు చెవికే తెలిసిపోతుంది. ఇంకో మెట్టు పైకి వెళ్లి, ప్రతి నామవాచకాన్ని ఒక విశేషణంతో జతచేసి నేర్చుకోండి. 'యున్ పెతీత్ ప్లాజ్' అన్నారంటే 'పెతీత్' చివరి త లింగాన్ని పట్టి ఉంచుతుంది.

దీనికి చుట్టమే 'సోఁ', 'సా' గొడవ. ఇంగ్లీషువాళ్లు 'అతని', 'ఆమె' తేడా కోసం వెతుకుతారు. ఫ్రెంచిలో ఆ తేడా లేదు. 'సా మేర్' అంటే అతని అమ్మా కావచ్చు, ఆమె అమ్మా కావచ్చు. 'సా' వచ్చింది అమ్మ అనే మాట స్త్రీలింగం కాబట్టి. మన 'తన' లాంటిది అనుకుంటే సగం చిక్కు పోతుంది. అచ్చు ముందు మాత్రం స్త్రీలింగమైనా 'మోఁ', 'సోఁ' యే: స్నేహితురాలైనా 'మోఁ నమీ'.

ఇప్పుడు కాఫీ. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఏళ్ల తరబడి చదివినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. ఇంగ్లీషులో కాఫీ ఇష్టం అన్నా, కాఫీ తాగుతాను అన్నా కాఫీ ముందు ఏమీ ఉండదు. తెలుగులోనూ ఉండదు. అందుకే ఈ చోట మనకు రెండు భాషలూ దెబ్బ కొడతాయి. ఫ్రెంచి ఒక తేడా చూస్తుంది: మొత్తం కాఫీ అనే జాతి గురించి మాట్లాడుతున్నావా, అందులోంచి కొంత తీసుకుంటున్నావా? 'జెమ్ ల కఫే', నాకు కాఫీ ఇష్టం. ప్రపంచంలోని కాఫీ అంతా అందులోకి వస్తుంది. 'జ బ్వా ద్యు కఫే', కాఫీ తాగుతున్నాను. ప్రపంచంలోని కాఫీ అంతా తాగలేను కదా, దానిలోంచి కొంత. 'జ ప్రాఁ అఁ కఫే' అంటే ఒక కప్పు. హోటల్లో చెప్పేది ఇదే.

నోరు తెరిచే ముందు మనసులో వేసుకోవాల్సిన ప్రశ్నలు ఈ వరసలో ఉండాలి. ఇష్టం, అయిష్టం తెలిపే క్రియా? అయితే 'ల, లా, లే', వాక్యంలో కాదు అన్నా సరే: 'జ నెమ్ పా ల కఫే'. అది కాకపోతే, కొలత మాట ఉందా? కిలో, గ్లాసు, చాలా, కొంచెం, తక్కువ, ఏదైనా సరే, తర్వాత ఒట్టి 'ద': 'అఁ కిలో ద తొమాత్', 'బోకూ ద రీ'. అదీ లేకపోతే, వాక్యం వ్యతిరేకార్థంలో ఉందా? అప్పుడూ ఒట్టి 'ద': 'జ న బ్వా పా ద కఫే'. ఇవేవీ కాకపోతేనే 'ద్యు, ద లా, దే'. ఎక్కువమంది చేసే తప్పు 'బోకూ ద్యు రీ', 'బోకూ దే తొమాత్' అనడం. చాలా అన్న మాటే కొలత చెప్పేసింది, మళ్లీ 'కొంత' అనక్కర్లేదు.

ఒక మినహాయింపు గట్టిగా గుర్తుంచుకోవాలి. 'ఎత్ర్' (ఇంగ్లీషు 'be') క్రియతో వ్యతిరేకార్థం చెబితే 'ద' కాదు: 'స నె పా ద్యు కఫే', ఇది కాఫీ కాదు. ఎందుకు? 'తాగను' అన్నప్పుడు కాఫీ పరిమాణం సున్నా అయింది. 'ఇది కాఫీ కాదు' అన్నప్పుడు గ్లాసులో ఏదో ఒకటి ఉంది, దాని పేరు వేరు, అంతే. పరిమాణం సున్నా అయినప్పుడే 'ద' వస్తుంది.

చెయ్యెత్తారు, అడగండి. సరే, 'నాకు డబ్బు కావాలి' అన్నప్పుడు 'జే బజ్వెఁ దార్జాఁ' అనే ఎందుకంటారు, 'ద లార్జాఁ' ఎందుకు కాదు, అని ప్రశ్న. 'అవ్వార్ బజ్వెఁ', అంటే అవసరం కలిగి ఉండడం, అనే పదబంధం తనతో ఒక 'ద' తెచ్చుకుంటుంది. దాని తర్వాత 'ద్యు, ద లా, దే' రావాల్సి వస్తే రెండు 'ద'లు ఢీకొని ఒకటే మిగులుతుంది. 'మీరు నిన్న ఇస్తానన్న ఆ డబ్బే కావాలి' అన్నప్పుడు మాత్రం అక్కడ ఉండేది నిర్దిష్టమైన 'ల', అది నిలబడుతుంది: 'ద లార్జాఁ'.

భూతకాలానికి వద్దాం. ఇక్కడ తెలుగు మనకు పెద్ద అండ, కానీ ఎవరూ వాడుకోరు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే పొట్టి సూత్రం ఏమిటంటే, ఎక్కువసేపు జరిగింది 'ఎఁపార్ఫే', ఒక్కసారిగా జరిగింది 'పాసే కోఁపోజే'. ఈ సూత్రం తప్పు. మూడు రోజుల పాటు వాన కురిసింది: 'ఇలా ప్ల్యు పాఁదాఁ త్ర్వా జూర్'. మూడు రోజులు చిన్న కాలమేమీ కాదు, అయినా పాసే కోఁపోజేనే. ఎందుకంటే ఆ మూడు రోజులకు మొదలూ చివరా కట్టేసి మూట చేసి చూపిస్తున్నాం. కాలం ఎంత అన్నది కాదు, ఆ పనిని బయట నిలబడి పూర్తిగా చూస్తున్నామా, దాని మధ్యలో నిలబడి చూస్తున్నామా అన్నదే తేడా.

నాలుగు చిన్న వాక్యాలు దగ్గర పెట్టి చూద్దాం. 'ఇల్ ప్లవే. జాతాఁదే ల బ్యుస్. యున్ వ్వాత్యుర్ సెతారెతే. ల కోఁద్యుక్తర్ మా దమాఁదే ల షమెఁ.' వాన పడుతోంది. బస్సు కోసం చూస్తున్నాను. ఒక కారు ఆగింది. డ్రైవరు దారి అడిగాడు. తెలుగులో మొదటి రెండు 'పడుతోంది', 'చూస్తున్నాను' అని వచ్చాయి గమనించారా? జరిగిపోయిన కథే అయినా, తెరిచి ఉన్న నేపథ్యం కాబట్టి మనం వర్తమానంలోకి జారిపోయాం. తర్వాతి రెండు 'ఆగింది', 'అడిగాడు'. మొదటివి ఎఁపార్ఫే, రెండోవి పాసే కోఁపోజే. ఇప్పుడు మొదటి వాక్యాన్ని 'ఇలా ప్ల్యు' అని మార్చండి. వాన కురిసి వెలిసిపోయింది, ఆ తర్వాత బస్సు కోసం నిలబడ్డాను అన్న అర్థం వస్తుంది. మూడో వాక్యాన్ని 'సారెతే' అని ఎఁపార్ఫేలోకి మార్చారా, కారు ఆగబోతూ ఉందనో, రోజూ ఆగేదనో వినేవాళ్లు అనుకుంటారు, తర్వాత ఏమైందని ఎదురుచూస్తారు.

అలవాటుకైతే మన దగ్గర విడిగా ఒక రూపమే ఉంది. 'చిన్నప్పుడు రోజూ ఏట్లో ఈదేవాణ్ణి' అన్న 'ఈదేవాణ్ణి' నూటికి నూరుపాళ్లూ ఎఁపార్ఫే. 'తెలుసు', 'తెలిసింది' తేడా ఇంకా ముచ్చటైనది. 'జ సావే' అంటే నాకు అప్పటికే తెలుసు. 'జే స్యు' అంటే నాకు తెలిసింది. ఇంగ్లీషు ఈ రెంటికీ రెండు వేరే క్రియలు వెతుక్కోవాలి, మనకు అక్కర్లేదు. అలాగే 'జ పువే' వెళ్లగలిగే స్థితిలో ఉన్నాను, వెళ్లానో లేదో చెప్పలేదు. 'జే ప్యు' వెళ్లగలిగాను, పని అయింది.

ఇక పాసే కోఁపోజేలో సహాయక క్రియగా 'అవ్వార్' ఎప్పుడు, 'ఎత్ర్' ఎప్పుడు? ఇంగ్లీషు క్లాసుల్లో 'డాక్టర్ మిసెస్ వాండర్‌ట్రాంప్' అని ఒక పేరు బట్టీ పట్టిస్తారు, ఒక్కో అక్షరానికీ ఒక్కో క్రియ. ఆ పేరు గుర్తుంటుంది, ఏ అక్షరం ఏ క్రియో మర్చిపోతారు. 'కదలికను చెప్పే క్రియలన్నిటికీ ఎత్ర్' అని ఇంకొందరు చెబుతారు. అదీ తప్పే, నడవడం, పరుగెత్తడం, ఈదడం మూడూ అవ్వార్ తీసుకుంటాయి. చోటు గానీ స్థితి గానీ మారిపోయేవి ఎత్ర్ తీసుకుంటాయి: వెళ్లడం, రావడం, పుట్టడం, చనిపోవడం, పడిపోవడం. 'రెస్తే', అంటే ఉండిపోవడం, ఒక్కటే ఈ లెక్కకు అడ్డంగా ఉంటుంది. దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఈ గుంపులో కొన్ని రెండు వైపులా తిరుగుతాయి. అక్కడ తెలుగు చేసే సాయం చూడండి. 'జ స్వి మోఁతే' నేను ఎక్కాను. 'జే మోఁతే లే వలీజ్' పెట్టెలు పైకెక్కించాను. 'జ స్వి దెసాఁద్యు' దిగాను. 'జే దెసాఁద్యు లే వలీజ్' పెట్టెలు దింపాను. మనం ఎక్కు, ఎక్కించు. దిగు, దింపు అని క్రియనే మారుస్తాం. ఫ్రెంచి క్రియను అలాగే ఉంచి సహాయక క్రియను మారుస్తుంది. ఒక్క జాగ్రత్త: 'మెట్లు ఎక్కాను' అన్నప్పుడు తెలుగులో 'ఎక్కించు' రాదు, కానీ ఫ్రెంచిలో మెట్లు కర్మ అయ్యాయి కాబట్టి 'జే మోఁతే లెస్కాలియే', అవ్వారే.

తర్వాత వచ్చేది అందరూ భయపడే పొత్తు, అంటే కర్తకో కర్మకో తగ్గట్టు క్రియ రూపం మారడం. ఎత్ర్‌తో అయితే కర్తను బట్టి: ఆమె వెళ్లింది అన్నప్పుడు 'ఆలే' చివర ఇంకో 'ఇ' (e) అక్షరం రాయాలి, చెవికి తేడా తెలియదు. అవ్వార్‌తో కర్తతో సంబంధం లేదు, కర్మ ముందుకొస్తే ఆ కర్మను బట్టి మారాలి. 'జే ఎక్రీ లే లెత్ర్' ఉత్తరాలు రాశాను, మార్పు లేదు. 'లే లెత్ర్ క జే ఎక్రీత్' నేను రాసిన ఉత్తరాలు, ఇక్కడ త వినిపిస్తుంది. హిందీలో 'మైనే రోటీ ఖాయీ' అన్నప్పుడు క్రియ రొట్టెతో పొత్తు కుదుర్చుకుంటుంది కదా, మూలంలో ఆలోచన అలాంటిదే. తేడా ఏమిటంటే హిందీ వరస చూడదు, ఫ్రెంచి చూస్తుంది. ఈ 'ముందుంటే మారాలి' అన్న సూత్రాన్ని 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మారో ఇటాలియన్‌ను ఆదర్శంగా చూపి, ఒక చిన్న పద్యంలో చెప్పాడు. మాట్లాడేటప్పుడు ఫ్రెంచివాళ్లే దీన్ని తరచుగా వదిలేస్తారు. పరీక్షలోనూ ఉద్యోగ దరఖాస్తులోనూ మాత్రం వదలకూడదు. రాయడం అయ్యాక ప్రతి అవ్వార్ దగ్గర ఆగి, 'దేన్ని?' అని అడగండి. జవాబు ఎడమ పక్కన ఉంటే పొత్తు, కుడి పక్కన ఉంటే లేదు. 'ఎల్ సె లావే లే మెఁ', ఆమె చేతులు కడుక్కుంది. దేన్ని? చేతుల్ని. అవి కుడి పక్కన ఉన్నాయి. అందుకే ఎత్ర్ ఉన్నా ఇక్కడ అదనపు 'ఇ' రాదు.

'దప్వి', అంటే 'నుంచి', సంగతి తొందరగా చెబుతాను, ఎందుకంటే తెలుగువాళ్లకు ఇది చిక్కే కాదు. 'మూడేళ్లుగా లియోఁలో ఉంటున్నాను' అనే వాక్యాన్ని ఇంగ్లీషు మెలికపెట్టి చెబుతుంది, ఫ్రెంచి మనలాగే ఒట్టి వర్తమానంలో చెబుతుంది: 'జాబిత్ ఆ ల్యోఁ దప్వి త్ర్వా జాఁ'. ఇంగ్లీషులో ఆలోచించి 'జే ఆబితే ఆ ల్యోఁ పాఁదాఁ త్ర్వా జాఁ' అన్నారా, మూడేళ్లుండి వచ్చేశారని అర్థం. ఇంటర్వ్యూలో అలా అంటే అడ్రసు మారిపోతుంది. 'మూడేళ్లుగా అతన్ని చూడలేదు' లాంటి వ్యతిరేక వాక్యంలో మాత్రం మామూలుగా పాసే కోఁపోజే వస్తుంది.

'త్యు మ మాఁక్' కూడా అంతే. ఇంగ్లీషువాళ్లకు తలకిందులుగా కనిపిస్తుంది, 'నేను' కర్తగా ఉండాలని వాళ్ల పట్టు. 'నువ్వు నాకు గుర్తొస్తున్నావు' అనే మనకు ఇందులో వింతేముంది? కర్త నువ్వు, నాకు అనేది 'మ'. నచ్చడమూ ఇలాగే: 'స లీవ్ర్ మ ప్లే', ఈ పుస్తకం నాకు నచ్చింది. ఆకలి, దాహం, వయసు మనం 'నాకు' అని చెప్పేవే, ఫ్రెంచిలో అవ్వార్‌తో: 'జే ఫెఁ', 'జే వెఁతాఁ'. వేడి దగ్గర మూడు దారులు చీలతాయి. మనిషికి ఉక్కగా ఉంటే 'జే షో', అవ్వార్. వాతావరణం వేడిగా ఉంటే 'ఇల్ ఫే షో', ఫేర్. కాఫీ వేడిగా ఉంటే 'ల కఫే ఎ షో', ఎత్ర్. మనిషి తన గురించి 'జ స్వి షో' అంటే అర్థం శృంగారం వైపు పోతుంది, కాబట్టి ఇది తప్పనిసరిగా గుర్తుంచుకోవాలి.

తెలుగు కూడా ముంచే చోటు 'ఆఁ' అనే చిన్న సర్వనామం. 'నీకు పెన్నులున్నాయా?' 'మూడున్నాయి' అంటాం. ఫ్రెంచిలో 'జే త్ర్వా' అంటే వాక్యం గాల్లో వేలాడుతుంది. 'జాఁ నే త్ర్వా', వాటిలో మూడు, అనాలి. అంకె చెప్పి వస్తువు పేరు చెప్పకపోతే 'ఆఁ' ఉండి తీరాలి.

ఏ క్రియ వెనక 'ఆ' అనే విభక్తి వస్తుందో క్రియతో పాటే నేర్చుకోవాలి. ఎదురుచూడడం, వినడం, చూడడం, వెతకడం, ఇవి ఇంగ్లీషులో ఏదో ఒక చిన్న మాట తగిలించుకుంటాయి, ఫ్రెంచిలో నేరుగా కర్మనే తీసుకుంటాయి. ఫోన్ చేయడం, జవాబివ్వడం, మాట వినడం అంటే విధేయంగా ఉండడం, పోలి ఉండడం, వీటికి 'ఆ' కావాలి. సర్వనామం వచ్చినప్పుడు దీని ఫలితం బయటపడుతుంది: 'జ లాతాఁ' అతని కోసం చూస్తున్నాను, 'జ ల్వి తెలెఫొన్' అతనికి ఫోన్ చేస్తున్నాను.

సుబ్‌జోఁక్తిఫ్, అంటే కోరిక లాంటివి చెప్పాక 'క' వెనక వచ్చే క్రియారూపం, గురించి ఒక్క రెండు మాటలు. దాని పేరు చూసి బెదిరిపోతారు గానీ రూపాలు తేలిక. వర్తమానంలో 'వాళ్లు' రూపం తీసుకుని దాని చివర మారిస్తే చాలావరకు సరిపోతుంది. అసలు తప్పు దాన్ని అవసరం లేని చోట వాడడంలో ఉంది. ఇద్దరు కర్తలుంటేనే అది కావాలి. 'నేను వెళ్లాలనుకుంటున్నాను' అన్నప్పుడు వెళ్లేదీ అనుకునేదీ నేనే, కాబట్టి 'జ వ పార్తీర్' చాలు. 'నువ్వు వెళ్లాలని నా కోరిక' అన్నప్పుడే 'జ వ క త్యు పార్త్'. ఆశించడం అనే 'ఎస్పెరే' తర్వాత మాత్రం అది రాదు. స్పానిష్ చదివినవాళ్లు ఇక్కడ పొరపడతారు. 'సి', అంటే 'ఒకవేళ', తర్వాత భవిష్యత్తు గానీ, 'రే' అని ముగిసే కోఁదిస్యొనెల్ (షరతు మీద జరిగేదాన్ని చెప్పే రూపం) గానీ పెట్టకూడదని ఫ్రాన్సు బడుల్లో పిల్లలకు 'లే సి నెమ్ పా లే రే' అని పాఠం చెబుతారు: 'సి'లకు 'రే'లంటే గిట్టదు అని.

చివరగా 'త్యు', 'వు'. ఇంగ్లీషువాళ్లకు ఇది కొత్త, మనకు నువ్వు, మీరు ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటాం. ఆ ధీమాతోనే దెబ్బ తింటాం. మనం మీరు అనేది ఎక్కువగా వయసుకూ హోదాకూ. ఫ్రెంచిలో 'వు' అనేది ఎక్కువగా దూరానికి. చాలా కుటుంబాల్లో తాతనూ అమ్మమ్మనూ 'త్యు' అనే పిలుస్తారు, అందులో అమర్యాద లేదు. బేకరీలో రొట్టె ఇచ్చే ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి మాత్రం అరవై ఏళ్ల పెద్దాయన కూడా 'వు' అంటాడు. మనలో ఒకరు ఆ కుర్రాణ్ణి, వయసులో చిన్నవాడు కదా అని, 'త్యు' అంటే చిన్నచూపు చూసినట్టవుతుంది. తెలియనప్పుడు 'వు'తో మొదలుపెట్టండి. ఎదుటివాళ్లు 'ఓఁ ప స త్యుత్వాయే?' అంటే, 'నువ్వు అనుకుందామా?' అని అడుగుతున్నట్టు. 'వీ, బ్యెఁ స్యుర్' అనేసి, ఆ తర్వాతి వాక్యం నుంచే మారిపోండి.